ఎగుమతుల తాళంచెవి పట్టుకున్న ప్రభువులకు

ఢిల్లీ దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కర్నూలు ఉల్లి రైతు ఇంట కుశలం కరువైంది కనుక, తమరి క్షేమం ఒక్కటే తలచి ఈ విన్నపం.

2025 సెప్టెంబరులో కర్నూలు యార్డుకు ఒక్కసారి దయచేసి ఉండాల్సింది. కమీషన్ ఏజెంటు లాటు ముందు గొంతుక్కూర్చుని, ఒక గడ్డ తీసి, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి, ‘మెత్తబడింది’ అని లేచిపోవడమే. కిలో అయిదారు రూపాయలు, కొన్ని లాట్లకు అదీ లేదు. లారీ బాడుగ, గోనెసంచులు, హమాలీ కూలి అందులోంచే. నాసిక్ రబీ ఉల్లిలా నెలల తరబడి దాచే సరుకు కాదిది. వానాకాలపు గడ్డ, ఆగితే నీరు కారి కుళ్లుతుంది. చివరికి రాష్ట్రమే మార్క్‌ఫెడ్ చేత క్వింటాలు రూ.1,200కు కొనిపించింది. అదీ చాలక హెక్టారుకు రూ.50 వేల సాయం ప్రకటించింది.

ధర పెరిగినప్పుడు మాత్రం తమరి చురుకుదనం చూసి తీరాలి! 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం. నగరాల్లో కిలో అరవై దాటేసరికి, డిసెంబరు 8 నుంచి ఎగుమతి పూర్తిగా బందు. మార్చి 31 దాకా అన్నారు, ఆ మాటా తప్పారు. 2024 మే 4న తెరిచామన్నారు, టన్నుకు 550 డాలర్ల కనీస ధర, 40 శాతం సుంకం అడ్డం పెట్టి. సుంకం పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1న. ఈలోగా విదేశీ కొనుగోలుదార్లు పాకిస్తాన్, చైనా సరుకు మరిగారు. పోయిన బేరగాడు పిలవగానే వస్తాడా?

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి ఏం పాపం చేసింది? ఘాటెక్కువని ఇక్కడ కూరలో ఎవరూ వేయరు. మలేషియా, సింగపూర్ వాళ్ల కోసమే పండిస్తారు. 2020 సెప్టెంబరులో దాన్నీ ఆపేశారు. ఎవరి వంటింట్లో ధర దించడానికి? అక్టోబరులో దయతలచి 10 వేల టన్నులు వదిలారు, అదీ చెన్నై రేవు నుంచే.

ఉల్లి ఒక్కటే కాదు. 2023 జూలై 20న తెల్లబియ్యం ఎగుమతి ఆపితే అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం ఎగబడ్డారు. దిగుమతులకు మాత్రం తలుపు బార్లా తెరిచారు. 2025లో ఆఫ్రికా, మయన్మార్ కందులు సుంకం లేకుండా దిగుతుంటే తాండూరు కంది రైతు మద్దతు ధర కోసం ఎదురుచూశాడు.

బాబ్బాబు, రైతు పెద్ద కోరికలేం కోరడం లేదు. మే నెలలో, అతను విత్తనం కొనకముందే ఒక్క కాగితం ఇప్పించండి. ఈ ఏడు ఎగుమతి ఉంటుందా, ఉండదా? మధ్యలో ఆపేస్తే నష్టం ఎవరు కడతారో కూడా అందులోనే రాయించండి.