టీచరమ్మ నోట్లో నా రాత్రులు

నా ఒంటి మీది గాట్లు చూసి జాలిపడకండి. ఆ దెబ్బలు నేను తినకపోతే టీచరమ్మ పళ్ళు తినేవి.

నన్ను నైట్ గార్డ్ అంటారు. రెండు మిల్లీమీటర్ల మందం, గట్టి అక్రిలిక్ ఒళ్ళు. రాజమండ్రిలో పళ్ళ డాక్టరమ్మ అచ్చులు తీసి పంపితే ల్యాబులో నన్ను తయారుచేశారు. మొదటిరోజు నన్ను పైపళ్ళకు తొడిగి, మధ్యలో నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. రంగు ముదురుగా అంటిన చోటల్లా అరగదీశారు. కింది పళ్ళన్నీ ఒక్కసారే నామీద ఆనేదాకా డాక్టరమ్మ వదల్లేదు.

నేను రాకముందు ఆవిడ దవడ నొప్పితో ఏడాదిపాటు తిరగని చోటు లేదు. చెవిపోటనుకుని చుక్కలమందు వేసుకుంది. చెవి శుభ్రంగా ఉందన్నారు. జ్ఞానదంతం వల్లేనని ఒకచోట దాన్ని పీకేశారు. పన్ను పోయింది, నొప్పి పోలేదు. నిద్రలో పళ్ళు పటపట కొరుకుతోందని తెలిసి అత్తగారు "కడుపులో నులిపురుగులేనమ్మాయ్" అని మందు మింగించారు. పెద్దావిడను అనడానికేముంది, మన ఇళ్ళలో అందరూ అనే మాటే కదా.

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి చూడండి. అక్కడ కదిలేదే దవడ కీలు. పైన పుర్రె ఎముకలో గుంట, కింద దవడ ఎముక గుండు, రెండింటి మధ్య పల్చని బిళ్ళ. నోరు కొద్దిగా తెరిస్తే గుండు ఉన్నచోటే తిరుగుతుంది. పెద్దగా తెరిస్తే బిళ్ళతో సహా ముందుకు జారుతుంది. బిళ్ళ చోటు తప్పితే, గుండు మళ్ళీ దానికింద కుదురుకునేటప్పుడు టిక్కుమంటుంది. నొప్పిలేని టిక్కుకు వైద్యమే అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు టీచరమ్మ మొహం తేటపడింది. కానీ ఆవిడ నోట్లోకి మూడు వేళ్ళు నిలువునా పట్టాల్సింది, రెండే పట్టాయి. బుగ్గమీది కండ నొక్కగానే "అమ్మా!" అంది. రాత్రంతా బిగిసి బిగిసి అలిసిపోయిన కండ అది.

ఎత్తుపల్లాలు సరిచేస్తాం, పళ్ళన్నీ అరగదీయించుకోమని అంతకుముందు ఇంకెవరో సలహా ఇచ్చారట. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను అరగదీస్తే ఇంకొకదాన్ని చేసుకోవచ్చు, పన్నుకు ఆ వీలు లేదు. వెనక్కి తీసుకోలేని పని తొందరపడి చేయకూడదు. చాలామందికి ఈ నొప్పి చిన్న జాగ్రత్తలతోనే నెమ్మదిస్తుంది.

ఆ జాగ్రత్తల్ని టీచరమ్మ పదో తరగతి పాఠంలా పాటించింది. జంతికలు, చెగోడీలు డబ్బాలోనే ఉండిపోయాయి. కొన్నాళ్ళు ముద్దపప్పన్నం, పెరుగన్నం. పొద్దున్నా సాయంత్రం వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలుతో పావుగంట కాపడం. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించేది. డాక్టరమ్మ రాసిన నొప్పి మాత్రలు కొద్దిరోజులే వాడింది.

అసలు చిక్కు పగటిపూట. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళి పేపర్లు దిద్దుతూ తెలియకుండానే దవడ బిగించేసేది. అందుకని పెన్ను మీద ఎర్రని బొట్టుబిళ్ళ అంటించుకుంది. అది కంటపడినప్పుడల్లా పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక కొస అంగిలికి తేలిగ్గా ఆని ఉండాలి. నేను రాత్రి కాపలాదాన్ని మాత్రమే. కొరికే అలవాటును నేను మాన్పలేను, ఆ దెబ్బ కాచుకోగలను. పగలు ఆవిణ్ణి కాపాడింది ఆ బొట్టుబిళ్ళే.

డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట మీకూ చెప్పాలి. దవడ నొప్పితో పాటు ఛాతీ బిగుతు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు నాలాంటి వాళ్ళకోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. నన్ను దీపం కింద తిప్పి చూశారు. ఎడమవైపు దంతాల దగ్గర పాత గాట్లు లోతుగా ఉన్నాయి, వాటి పక్కన కొత్తవి గోటి గీతలంత పల్చగా ఉన్నాయి. టీచరమ్మ మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూపించింది. కొంచెం బిగువుగా పట్టాయి. ఆ రాత్రి ఎప్పట్లాగే నన్ను చన్నీళ్ళతో కడిగి, పళ్ళకు తొడుక్కుని, దీపం ఆర్పింది.