గోత్రం కలిసింది, వరుణ్నే చూడలేదు!

ఆయుధాల తయారీకి లైసెన్సు కావాలంటే కంపెనీకి కేంద్ర హోం శాఖ భద్రతా క్లియరెన్సు తప్పదు. డైరెక్టర్ల తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, శాశ్వత చిరునామా, మెడమీదున్న కేసులు... అన్నీ రాసివ్వాలి. 2020లో విదేశీ పెట్టుబడికి 74 శాతం దాకా తలుపులు బార్లా తీసినప్పుడూ ఈ గడప మాత్రం దాటి రావాల్సిందే అన్నారు. దేశ భద్రత కదా, కాదనేదెవరు?

తీరా 2025 ఫిబ్రవరిలో ఏమైంది? చైనా సరిహద్దు కొండల్లో సైన్యానికి సరుకులు మోయాల్సిన 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు! విలువ 230 కోట్ల పైమాటే. కారణం, లోపలున్నవి చైనా విడిభాగాలట. ఏడు తరాల గోత్రం విచారించి, పెళ్లికొడుకును చూడకుండానే లగ్నం పెట్టుకున్నట్టుంది వ్యవహారం.

ఏలినవారు దరఖాస్తులో ఇంకో గడి పెంచితే పోలా? ‘సర్క్యూట్ బోర్డు తండ్రి పేరు, స్వగ్రామం’. నిజం రాస్తారని కాదు గానీ, ‘మేడిన్ ఇండియా’ స్టిక్కర్లు అచ్చేసేవాళ్లకు నాలుగు రాళ్లు మిగులుతాయి.

ఏదేమైనా, ఎగరకముందే రద్దయ్యాయి, నయం. ఎగిరుంటే పుట్టింటి మీద బెంగతో కొండ అవతల వాలేవేమో!