వాడి ఇష్టానికే వదిలేశాం

ఎంసెట్ పేరు మార్చుకుని ఈఏపీసెట్ అయింది కానీ, కౌన్సెలింగ్ రోజుల్లో తల్లిదండ్రుల నోట వచ్చే ముక్క మాత్రం మారలేదు: "బ్రాంచి విషయంలో మేం ఒత్తిడి చెయ్యలేదండీ, వాడి ఇష్టానికే వదిలేశాం." ఆహా, ఏమి ఔదార్యం! ఇంతకీ వాడి ఇష్టమేమిటి? సీఎస్‌ఈ. పక్కింటి వాడిది? సీఎస్‌ఈ. మేనత్త కొడుకు కాస్త తిరుగుబాటుదారు, ఏఐ ఎంఎల్ అన్నాడు.

ఈ ఇష్టం పుట్టుక చూడాలంటే వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఏ ఇంటికైనా వెళ్లండి. కంప్యూటర్ ముందు తండ్రి, మౌస్ మీద బాబాయి చెయ్యి, ఫోన్ స్పీకర్లో డల్లాస్ నుంచి పెద్దమ్మ కొడుకు. పక్కన కిందటేటి లాస్ట్ ర్యాంకుల ప్రింటు, పసుపు గీతలతో సహా. సీఎస్‌ఈ అయ్యాక సీఎస్‌ఎం, ఆపైన సీఎస్‌డీ, సీఎస్‌సీ. మరి అభ్యర్థో? గుమ్మం దగ్గర నిలబడి ఓటీపీ చెబుతున్నాడు.

ఆ ప్రింటు మహిమ చెప్పుకోవాలి. ఫలానా కాలేజీ మంచిదని ఎలా తెలిసింది? లాస్ట్ ర్యాంకు చిన్నది కాబట్టి. అదెందుకు చిన్నదైంది? మంచి ర్యాంకర్లు చేరారు కాబట్టి. వాళ్లెందుకు చేరారు? అంతకు ముందేటి ప్రింటు చూసి. ల్యాబు తాళం తీస్తున్నారా, పాఠం చెప్పే మనిషున్నాడా అని తొంగి చూసినవాడు ఈ వరసలో ఒక్కడూ లేడు. ముక్కూమొహం తెలియనివాళ్లు కిందటేడు వేసిన ఊహకి ఈ ఏడు మనవాళ్లు పెట్టిన పేరు "రీసెర్చ్".

సాఫ్ట్‌వేర్ జీతాలు అబద్ధమా అంటే, కాదు. నలుగురు నడిచిన దారిన నడవడం నేరమూ కాదు. కానీ ఆ నలుగురూ ఐదోవాడి దారే మూసేస్తున్నారు. సివిల్, మెకానికల్ నిండకపోతే కాలేజీలు ఆ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు అడుగుతాయి. బ్రాంచికి ఇన్నే సీట్లన్న గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ కూడా ఎత్తేసింది. వంతెనలంటే నిజంగా పిచ్చి ఉన్న పిల్ల వెతికితే, ఇంటికి దగ్గరి కాలేజీలో ఆ బ్రాంచే ఉండదు. కె.ఎల్.రావు సివిల్ ఇంజనీరే కదా అని గుర్తుచేసి చూడండి, "అప్పట్లో కంప్యూటర్లు లేవు కదండీ" అంటారు.

పిల్లలిద్దర్నీ వాళ్ల ఇష్టప్రకారమే సీఎస్‌ఈలో చేర్పించిన పెద్దమనిషి ఒకాయన, కట్టుకుంటున్న మూడంతస్తుల ఇంటి ముందు నిలబడి మొన్న వాపోయాడు: "పిల్లర్ వంకరొచ్చిందండీ. ఈ రోజుల్లో సరైన సివిల్ ఇంజనీరు దొరికి చావట్లేదు."