కచేరీ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: నడుము గుంజుతున్నది, సర్వర్ డౌనున్నది, జర ఆగుండ్రి.

అవతారిక: పహాణీ నకలుకో మ్యుటేషన్‌కో తహసీల్ కచేరీ కిటికీ అవతల నిలుచున్న పట్టాదారులను ఉద్దేశించి కంప్యూటర్ ఆపరేటర్ పలికే ఈ వాక్యము ఆత్మకూర్ ప్రాంతమున లోకప్రసిద్ధము. ఏ ఆత్మకూర్ అన్న శంక సహజమే. వనపర్తి జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ‘ఎం’ అక్షరము తగిలించుకున్నది ఒకటి, సూర్యాపేట జిల్లాలో ‘ఎస్’ తగిలించుకున్నది ఒకటి ఉండగా, మూడు చోట్లా పాఠభేదము లేకుండా ఇదే వినవచ్చును. ఒకప్పుడు సంస్థానమై, అవధానులైన తిరుపతి వేంకటకవుల రాకను చూసిన వనపర్తి జిల్లా ఆత్మకూరునే ఈ టీక స్వీకరించినది. ఆత్మ కుర్చీలో కూరుకొనిపోయిన చోటు కనుక ఆత్మకూరని కొందరు చెప్పబోయే వ్యుత్పత్తి నవ్వుకొనుటకే తప్ప నిఘంటువునకు పనికిరాదు.

ప్రతిపదార్థము: నడుము = వెన్ను దిగువన ఐదు పూసలు, వాటి మధ్యనుండే మెత్తలు, ఎముకను ఎముకతో కట్టే స్నాయువులు, చుట్టూ కండరాలు కలిసిన తావు; గుంజుతున్నది = పట్టి లాగుచున్నది; సర్వర్ = ఉన్నంతసేపు ఎవరికీ గుర్తురాక, లేనప్పుడు అందరి నోటా పలికే యంత్రము; డౌనున్నది = పడిపోయి ఉన్నది; జర = కొంచెము, అయితే ఎంత కొంచెమో చెప్పనిది; ఆగుండ్రి = వేచి ఉండుడు.

తాత్పర్యము: ఒళ్లు నొచ్చుచున్నది, పని నిలిచినది, మీరు నిలిచి ఉండుడు.

విశేషము: గుంజేది ఎవరు, గుంజబడేది ఎవరు అన్నది ఈ వాక్యమున తేలని చిక్కు. వయసే గుంజుచున్నదని పూర్వపక్షము; ముప్పై దాటని ఆపరేటర్లు కూడా ఇదే మాట అనుచున్నందున అది నిలువదు. కుర్చీయే కారణమన్నది రెండవ పక్షము. చేయి విరిగి, చక్రమొకటి ఊడి, వెనుక దిండు కట్టుకొనవలసిన కుర్చీలను చూసిన వారెవరూ దీనిని పూర్తిగా కొట్టివేయలేరు గాని, కొత్త కుర్చీ వచ్చిన చోట కూడా గుంజుడు ఆగలేదు. కదలకపోవడమే కర్త అన్నది సిద్ధాంతము. పెద్దవారి పూసల మధ్య మెత్తలకు నెత్తుటి నాళాలు దాదాపు ఉండవు; మనిషి లేచి, వంగి, నడిచినప్పుడు వాటిపై ఒత్తిడి మారుచుండుట వలన ద్రవము వచ్చిపోవుచు వాటికి పోషణ అందును. ఒకే తీరున గంటల తరబడి కూర్చున్నవానికి ఆ రాకపోకలు మందగించును, ఏమీ మోయనట్లు కనబడే కండరము కూడా కొద్దిపాటి బిగువును వదలక అలసిపోవును. దీనినే స్థిరభారమందురు.

కిటికీ అవతల నిలుచున్న పట్టాదారు నిన్నటిదాకా నాట్లు వేసిన మనిషి అయినచో, ఆమె కూడా ఇదే మాట అనును. వంగిన నడుమొకటి, కూర్చున్న నడుమొకటి, మధ్య గాజుపలక.

నడుమును మాత్రమే పేర్కొన్నందున వాక్యము న్యూనోక్తియే. బల్లపై పరచిన కాగితమునకు, ఎదుటి తెరకు మధ్య దించుచు ఎత్తుచుండే తల దాదాపు ఐదు కిలోలు. అది ముందుకు వంగినకొద్దీ మెడలోని ఏడు పూసలపై భారము పెరుగును. మౌసు పట్టిన చేతి మణికట్టులో ఎముకల నడుమ ఇరుకైన దారి ఒకటి ఉన్నది. అందులో తొమ్మిది కండరపు తాళ్లు, ఒక నరము సాగును. అక్కడ వాపు వచ్చి నరము నలిగినచో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కును. మెడ బిగుసుకొనుటను మన్యాస్తంభమనియు, నడుము నుండి కాలికి దిగే పోటును గృధ్రసి అనియు ఆయుర్వేదము వాతవ్యాధులలో ఎన్నడో చేర్చినది. గద్దవలె కాలీడ్చి నడచుట చేత గృధ్రసి అయినదందురు. ఇటలీ వైద్యుడు రామజ్జీని వృత్తిరోగాల గ్రంథమును 1700లో వెలువరించి, 1713 నాటి కూర్పులో రాతగాళ్లను చేర్చి, ఎడతెగని కూర్చోవడము, చేతి ఒకే కదలిక, తప్పు రాకూడదన్న మనోభారము అను మూడు కారణాలు చెప్పెను. మూడవది ముఖ్యము: 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలై వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్ కచేరీకి చేరిన తరువాత, సర్వే నంబరులో ఒక్క అంకె తప్పినా అది వేరొకరి పొలమగును.

ఇక ‘సర్వర్ డౌనున్నది’. పని ఆగెను గనుక ఒంటికి విశ్రాంతి దొరికెనని పామరులు భ్రమింతురు. సర్వర్ ఏ క్షణమైనా లేచును, వచ్చిన ఓటీపీ గడువు దాటును అన్న భయముతో ఆపరేటర్ మెడ చాచి, మౌసుపై చేయి వేసి, శిలవలె కూర్చుండును. పనిచేసినప్పటికన్న ఆగినప్పుడే ఎక్కువ బిగుసుకొనును. ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య కూర్చున్న అష్టావధానికి అటూ ఇటూ తిరిగి సమాధానమిచ్చు వీలైనా ఉండెను. ఇతనికి ఎదురుగా ఉన్నది ఒక్క తెర.

కావున ‘జర ఆగుండ్రి’ అన్నది లేఖక ప్రమాదమని, సర్వర్ పడినప్పుడు ఆపరేటర్ కుర్చీ వెనక్కి నెట్టి పలకవలసిన ‘జర లేస్త’ అన్నదే శుద్ధపాఠమని ఈ టీకాకారుని నిర్ణయము.