ఎనభై నాలుగుతో గుణించకండి

కార్ల పిచ్చి ఉన్నవాడికి లెక్కలు రావని ఎవరైనా అంటే నమ్మకండి. గోల్ఫ్ జీటీఐ నిలబడ్డచోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 5.9 సెకన్లు పడుతుందని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాడు. టార్క్ 370 న్యూటన్ మీటర్లని అడక్కుండానే చెబుతాడు. 2025లో ఆ కారు మన దేశానికి వచ్చినప్పుడు మొదటి విడత 150 కార్లూ ఎంత త్వరగా అయిపోయాయో, ఆ 150లో తనది ఎందుకు లేదో కూడా వివరిస్తాడు. అదే మనిషిని, నెలకు 32 వేల చొప్పున ఏడేళ్లు కడితే మొత్తం ఎంతవుతుంది బాబూ అని అడగండి. ఫ్యాను వైపు చూస్తాడు.

ఆ చూపు చాలా విలువైనది. దాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. డబ్బున్నవారికి వీటితో పనిలేదు. ఫ్లాటు లోను ఇంకా సగం మిగిలి ఉండి, పిల్లల స్కూలు ఫీజు టర్ముల లెక్కన కడుతూ, సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారు ఏ వేరియంటో అలాయ్ వీల్స్ చూసి చెప్పగలిగేవారు మాత్రమే చదవండి.

ముందుగా, కారు నచ్చిందని ఇంట్లో పొరపాటున కూడా అనకండి. భద్రత కోసమనండి. భారత్ ఎన్‌క్యాప్ అయిదు స్టార్లు, ఆరు ఎయిర్‌బ్యాగులు, పిల్లలు అని ఒకే వాక్యంలో వచ్చేలా చూసుకోండి. "మరి హెల్మెట్ లేకుండా పెరుగు ప్యాకెట్‌కు వెళ్తారెందుకండీ?" అని ఆవిడ అడుగుతుంది. దీనికి జవాబు లేదు. టాపిక్ మార్చి నాన్నగారి నడుం నొప్పి, వెనక సీటు ఎత్తు, ఎక్కడం దిగడం వైపు వెళ్లండి.

నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఎంతిస్తుందిరా?" అంటారు. ఆయన మారుతి 800 మీద ఇద్దరు పిల్లల్ని చదివించి, ఒక పెళ్లి చేసి, తిరుపతి ఘాట్ ఎన్నోసార్లు ఎక్కిన మనిషి. ఆయనకు కంపెనీ చెప్పిన మైలేజీ చెప్పండి. పంజగుట్టలో సాయంత్రం ఆరింటికి వచ్చే మైలేజీ చెప్పకండి. లీటరు పెట్రోలు వంద దాటి ఏళ్లవుతున్నా, ఆ ప్రశ్న అడిగే హక్కు ఈ ఇంట్లో ఇంకా ఆయనకే ఉంది. కట్టేది మీరే అయినా సరే.

ఆ తర్వాత చేయాల్సింది పొదుపు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు, డీజిలైతే 1500 సీసీ లోపు ఉన్న చిన్న కార్లకు 18 శాతం, వాటిని దాటినవాటికి 40 శాతం. 40 అని వినగానే ఖంగు తినకండి. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి పన్ను 50 శాతం ఉండేది. కాబట్టి ఎంత పెద్ద కారు కొంటే మీకు అంత మిగులు. చిన్న కారు కొన్నవాడికి లక్షకు అటూఇటూ తగ్గితే ఫార్చ్యూనర్ ధర మూడు లక్షలకు పైగా తగ్గింది. ఆ మూడు లక్షలు మీరు సంపాదించినట్టే కదా! దాని కోసం ముందు ఖర్చు పెట్టాల్సిన మిగతా నలభై లక్షల ప్రస్తావన ఇక్కడ అనవసరం.

ఇక షోరూంకు వెళ్లండి. ఆదివారం, కుటుంబంతో కాదు; మంగళవారం, ఒంటరిగా. సేల్స్ కుర్రాడు "సార్, మీ పేరు మీద కొటేషన్ తీస్తాను, ఊరికే ఉంటుంది" అంటాడు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా చూడండి. పైన ఎక్స్‌షోరూం ధర లావు అక్షరాల్లో 20 లక్షలు. దాని కింద సన్న అక్షరాల్లో లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో ధర పెరిగేకొద్దీ శాతమూ పెరుగుతుంది గనక ఈ కారుకు మూడున్నర లక్షలకు అటూఇటూగా అక్కడే పోతుంది. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారుంటే ఇంకో రెండు శాతం. అది తప్పించుకోవడానికి ఆవిడ పేరు మీద తీసుకోమని కుర్రాడే సలహా ఇస్తాడు. మంచి సలహా. అప్పుడు కారు ఆవిడది, మీరు డ్రైవరు, కిటికీ ఎంతవరకు దించాలో ఆవిడ ఇష్టం.

దాని కింద ఇన్సూరెన్సు. థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, 2018 నుంచి అదే పద్ధతి. బయట అడిగితే తక్కువకు వస్తుందని మీకు తెలుసు. అడగరు. ఎందుకంటే కుర్రాడు అప్పటికి మిమ్మల్ని మూడుసార్లు "మీకు కార్ల గురించి చాలా తెలుసు సార్" అన్నాడు. ఆ కింద ఒక శాతం టీసీఎస్. ధర పది లక్షలు దాటితే తప్పదు, అయితే ఐటీ రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు. ఈ కాగితం మీద నిజంగా తిరిగొచ్చే డబ్బు ఇదొక్కటే. మీరు మర్చిపోయేదీ ఇదొక్కటే.

ఆపైన ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, అండర్ కోటింగు, సిరామిక్ కోటింగు, ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇరవై లక్షల దగ్గర నోరెత్తనివారు రెండు వేల మ్యాట్ల దగ్గర పావుగంట బేరమాడాలి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు అని పెద్దలు ఇందుకే అన్నారు. ఆడండి. మ్యాట్లు ఉచితంగా వచ్చాయని ఇంట్లో చెప్పుకోవడానికి ఒక విజయం ఉండాలి.

అడుగున ఆన్‌రోడ్ 25 లక్షలు. ఇప్పుడు అసలు మెలకువ. అయిదు లక్షలు చేతి నుంచి పెట్టి, మిగతా 20 లక్షలు ఏడేళ్లకు అప్పు తీసుకోండి. 9 శాతం వడ్డీకి నెలకు 32 వేల చిల్లర. దీన్ని వెంటనే ముప్పైతో భాగించండి. రోజుకు వెయ్యి. ఆ వెయ్యిని కాఫీలు, బిర్యానీలు, ఓటీటీల్లోకి విడగొట్టండి. భాగహారం ఎంతైనా చేయండి, హెచ్చవేత మాత్రం వద్దు. 84తో గుణిస్తే 27 లక్షలవుతుంది. అంటే వడ్డీ ఏడు లక్షలు. ఏడు లక్షలకు ఇప్పుడు కొత్త చిన్న కారే వస్తుంది. మీరు మీకొక కారు, బ్యాంకుకొక కారు కొన్నారన్నమాట. ఈ సంగతి తెలిస్తే ఎవరికీ నిద్రపట్టదు గనక తెలుసుకోకండి. మీ అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా మొదలైన వాయిదా ఆమె ఎనిమిదిలోకి వచ్చాక ముగుస్తుంది. ఈ మధ్యలో ఆ మోడల్‌కు రెండు ఫేస్‌లిఫ్టులు వచ్చి మీ కారు పాత కారైపోతుంది.

ఇంకో లెక్క ఉంది. ఇదీ వేయకండి. ఇన్సూరెన్సు కంపెనీ మీ కారు విలువను ఏటా తగ్గించుకుంటూ పోతుంది. మూడేళ్లు దాటగానే 40 శాతం కోత. ఇరవై లక్షల కారు వాళ్ల దృష్టిలో 12 లక్షలు. ఆ రోజుకు బ్యాంకుకు మీరింకా ఇవ్వాల్సింది దాదాపు 13 లక్షలు. కారు ఎవరైనా ఎత్తుకుపోతే క్లెయిము డబ్బంతా బ్యాంకుకిచ్చి పైన ఇంకో లక్ష మీ జేబులోంచి కట్టాలి. దొంగకు కూడా మీరే ఫైనాన్స్ చేసినట్టు.

ధరలో అయిదో వంతు ముందే కట్టాలి, నాలుగేళ్లకు మించి అప్పు చేయకూడదు, కారు ఖర్చంతా కలిపి జీతంలో పదో వంతు దాటకూడదు అని ఆర్థిక సలహాదారులు ఒక సూత్రం చెబుతుంటారు. చాలా మంచి సూత్రం. దాని ప్రకారం మనలో చాలామందికి అర్హమైన వాహనం యాక్టివా.

ముహూర్తం సంగతి ఒక్క ముక్కలో: ఆషాఢంలో డిస్కౌంటుంటుంది, మంచిరోజుండదు; శ్రావణంలో మంచిరోజుంటుంది, డిస్కౌంటుండదు. ఆషాఢంలో బేరం, శ్రావణంలో డెలివరీ. తెలుగువాడి ఆర్థిక విజ్ఞత మొత్తం ఈ నెల రోజుల్లోనే బయటపడుతుంది. నంబరు జోలికి మాత్రం పోకండి. 2024లో ఖైరతాబాద్ వేలంలో టీజీ 09 9999 నంబరు 25 లక్షలకు పైగా పలికింది. మీ కారు ఆన్‌రోడ్ ధర ఒకరికి రేకు ముక్క ధర.

పిచ్చి మరీ ముదిరినవారు మూడు డోర్ల థార్ వైపు చూస్తారు. చూడటానికి అంత బాగుండేది మన రోడ్ల మీద తక్కువే, ఒప్పుకుంటాను. కానీ డెలివరీ రోజు మామయ్యగారు పట్టుపంచెలో వస్తారు. వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి, ఒక కాలు లోపల పెట్టాలి, తల వంచాలి, రెండో కాలుతో పాటు పంచె కూడా లోపలికి రావాలి. మొదటి మూడూ అవుతాయి. పెద్దమ్మ గుడి ముందు, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి పూజారి ఎదురుచూస్తుండగా, ఆయన "ఇదేంటల్లుడూ, మొత్తం కొనలేదా?" అని అడుగుతారు.

కొత్తది అందకపోతే పాతదనే వాదం ఒకటుంది. ఇది చాలా ప్రమాదకరం, ఎందుకంటే వినడానికి పొదుపులా ఉంటుంది. కార్ల పిచ్చివాళ్లు నలుగురు చేరినచోట వినిపించే పేర్లు చూడండి: 2000 నాటి హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఫియస్టా, పోలో జీటీ టీఎస్‌ఐ. ఒక్కటీ ఇప్పుడు కొత్తది దొరకదు. ఫియట్ పోయింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, పోలో 2022లో ఆగిపోయింది. ఆ స్టీరింగు బరువు గురించి, ఆ డోరు మూసినప్పటి చప్పుడు గురించి కన్నీళ్లు పెట్టుకునేవారిలో ఎంతమంది అప్పట్లో అది కొత్తది కొన్నారని అడిగి చూడండి. అప్పుడు వాళ్లింట్లో ఉన్నది స్విఫ్ట్. రీసేల్ బాగుంటుందని. కంపెనీ దేశం వదిలి వెళ్లాక గానీ మనకు ప్రేమ పుట్టదు. మనకు ప్రేమ పుట్టదు గనకే అది వెళ్లిపోయింది. ఇందులో నాకు నవ్వు కంటే జాలే ఎక్కువ. మంచి కారంటే ఏమిటో తెలిసిన తరం తెలివైన కార్లు కొని, మంచి కార్లను చంపేసింది. ఇప్పుడు వాటికి బంపర్ క్లిప్పులు వెతుక్కుంటోంది.

అయినా కొంటానంటే, పదేళ్ల నాటి జర్మన్ సెడాన్ తీసుకోండి. క్రెటా ధరకే వస్తుంది. అమ్మేటప్పుడు కారు ధర తగ్గుతుంది తప్ప దాని విడిభాగాల ధర తగ్గదు. కొత్తగా ఉన్నప్పుడు యాభై లక్షల కారు, ఇప్పుడూ అది వర్క్‌షాపులో యాభై లక్షల కారే. పైగా మన కాలనీల్లో ప్రతి ఇంటివాడూ తన గుమ్మం ముందు స్వయంగా పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లను అది అడుగుతో పలకరించుకుంటూ పోతుంది.

నడపకుండా దాచుకుంటానంటారా? దానికీ మనకు పెద్ద ఆదర్శమే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చారు, 1911లో కన్నుమూశారు, కారు ఆ తర్వాత వచ్చింది. అది ఏడో నిజాం చేతికి వెళ్లింది. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ప్రపంచ కుబేరుడు, పొదుపుకూ అంతే పేరున్నవాడు. ఉత్సవాలకు తప్ప ఆ కారు బయటికి రాలేదు. దశాబ్దాల్లో మొత్తం కొన్ని వందల మైళ్లే తిరిగింది. కొనాలనే తండ్రి, తీయకూడదనే కొడుకు: మన ఒక్క బుర్రలో కొట్టుకునే ఇద్దరూ అక్కడ ఒకే షెడ్డులో రాజీపడ్డారు. వారికి షెడ్డుంది. మీకు సెల్లార్లో ఒకటే స్లాటు, పక్కన పిల్లరు, వెనకాల ఫ్లాటువాళ్ల స్కూటీ. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు; కదలని కారుకూ ఇన్సూరెన్సు, బ్యాటరీ, టైర్లు తప్పవు.

ఇన్ని చెప్పినా చివరికి మీరు కొనేది నాలుగు మీటర్లలోపు తెల్ల కారేనని నాకు తెలుసు. సీఎన్‌జీ అయినా ఆశ్చర్యపోను. దిగులు పడకండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120, అది ఆ కారూ వెళ్తుంది. పార్క్ చేసి లిఫ్టు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. చూశారంటే పిచ్చి తగ్గలేదని, బాగానే ఉన్నారని అర్థం. నెల తిరక్కుండానే నల్ల అలాయ్ వీల్స్ మీద మనసు పోతుంది. వేయించుకోండి. ఇంట్లో అడిగితే కారుతో పాటే వచ్చాయని చెప్పండి. బిల్లు మాత్రం గ్లవ్ బాక్సులో పెట్టకండి. పీయూసీ కాగితం కోసం ఆవిడ మొదట తెరిచేది దాన్నే.