సహజ మరణం, ఏ-వన్ గ్రేడు

పెరూ సీతాకోకచిలుకలు ఎంత మర్యాదగా కన్నుమూస్తాయో తెలియాలంటే వాటికి ఫ్రేములు కట్టి అమ్మేవాళ్ళని అడగాలి. ప్రతి ఒక్కటీ నిండు జీవితం అనుభవించిందట. ఆయువు తీరాక ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందట. ఆ తర్వాతే, అదీ ఎంతో గౌరవంగా, అద్దం వెనక్కి చేర్చారట. ఈ చరమగీతం కిందనే ధర ఉంటుంది.

బాగా అమ్ముడుపోయే వాటిలో ఒకటి నీలి మోర్ఫో. దాని రెక్కల మీద నీలిరంగంటూ ఏదీ లేదు. పొలుసుల మీది అతిసన్నని గట్లకు వెలుగు తగిలి చేసే మాయ అది. పొలుసు రాలితే మాయా రాలుతుంది. రెక్కలొచ్చాక అది బతికేది కొన్ని వారాలే. ఆ కాస్త కాలంలోనే కొమ్మలు గీరుకుంటాయి, పిట్టలు ముక్కున కరుచుకుంటాయి, అంచులు పీలికలవుతాయి. నేల మీద పడ్డాక మిగతా పని చీమలు చూసుకుంటాయి.

ఫ్రేములోది మాత్రం ఏ-వన్ గ్రేడు. చిరుగు లేదు, మీసం విరగలేదు. నూరేళ్ళు బతికి, ముడత లేని మొహంతో, ముప్పై రెండు పళ్ళతో స్వర్గస్థులైన తాతగారన్నమాట. పైగా ఫ్రేముల్లో చేరేవి ఎక్కువగా మగవే, వాటి నీలమే నిండుగా ఉంటుంది గనుక. సహజ మరణానికి కూడా కొనేవాళ్ళ అభిరుచి తెలుసు!

అసలు జరిగేది వేరు. పెంపకం కేంద్రంలో గూడు చీల్చుకుని వచ్చిన కొద్దిసేపటికి, రెక్కలు ఆరగానే ఫ్రీజర్లోకి వెళ్తుంది, లేదా రెండు వేళ్ళు దాని రొమ్మును నొక్కేస్తాయి. మడిచి కాగితపు పొట్లంలో పెట్టి పంపిస్తారు. అందుకున్నవాడు తేమ డబ్బాలో మెత్తబరిచి, పలక మీద సూదులు గుచ్చి, రెక్కలు విప్పి ఆరబెడతాడు. బతికున్న మోర్ఫో వాలినప్పుడు రెక్కలు మూసుకుంటుంది. అప్పుడు కనబడేది గోధుమరంగు, దాని మీద పెద్ద పెద్ద కంటిమచ్చలు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీటివి నిజంగానే చారెడు, కాకపోతే ఫ్రేములో గోడవైపు తిరిగి ఉంటాయి.

పెంపకమే తప్పని నేననను. పపువా న్యూగినీలోని బులోలోలో 1978లో ప్రభుత్వమే ఇందుకొక సంస్థ పెట్టింది. గొంగళిపురుగులకు మేతయ్యే తీగల్ని పల్లెవాసులు పెరట్లో పెంచుతారు, నాలుగు డబ్బులొస్తాయి, పక్కనున్న అడవిని నరకబుద్ధి కాదు. ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక, రాణి అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్, అక్కడి ఓరో ప్రాంతంలోనే ఉంది. దాని నెత్తిన వలలకన్నా పెద్ద ముప్పు ఆయిల్‌పామ్ తోటలే. మరి అమ్మేవాళ్ళు ఈ పెంపకం మాటే చెప్పుకోవచ్చుగా? ‘మీ గోడ కోసం దీన్ని నిండు యవ్వనంలో చంపాం, డబ్బు ఫలానా ఊరికి వెళ్ళింది’ అని రాస్తే బేరం పోతుందని భయం. కొనేవాడికి రెక్కలు కావాలి, హత్య వద్దు. అందుకే సీతాకోకచిలుక తరఫున వీలునామా అమ్మేవాడే రాసేస్తున్నాడు.

ఆ బర్డ్‌వింగ్ తొలి నమూనాని 1906లో ఆల్బర్ట్ మీక్ అనే సేకరణకర్త తుపాకీతో కాల్చి దింపాడు. క్రూరుడే, కానీ అది వయసుడిగి రాలిందని కథ అల్లలేదు. మ్యూజియంలో సూదికి గుచ్చిన ఏ పురుగుకైనా ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో చెప్పే చీటీ ఉంటుంది. అది లేకపోతే శాస్త్రవేత్త దాన్ని లెక్కలోకే తీసుకోడు. గోడ మీది ఫ్రేముకు మాత్రం ఇత్తడి పలక మీద లాటిన్ పేరు చెక్కి సరిపెడతారు. అంత ప్రశాంతంగా పోయినప్పుడు పోయిన తేదీ రాయడానికేం?