ఇడ్లీకి బిట్‌కాయిన్: టిఫిన్ సెంటర్ ఓనర్లకు కొన్ని చిట్కాలు

టిఫిన్ సెంటర్ పెట్టి ఇన్నేళ్లయినా ఇంకా రూపాయల్లోనే డబ్బు తీసుకుంటున్నారా? అయితే మీరు బ్యాంకులకు బానిసలే. కస్టమర్ ఫోన్‌పే కొడతాడు, డబ్బు క్షణంలో ఖాతాలో పడుతుంది, గల్లా పక్కనున్న పెట్టె వీధంతా వినబడేలా చెబుతుంది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బుకు 2020 జనవరి నుంచి దుకాణదారు కట్టే చార్జీ కూడా లేదు. ఇంత సుఖంగా ఉన్నవాడికి స్వాతంత్ర్యం విలువ ఎలా తెలుస్తుంది? ముందు ఆ స్కానర్ స్టిక్కర్ పీకేయండి.

తర్వాత ధరల బోర్డు. ‘ఇడ్లీ ప్లేటు 40’ అని పెయింటుతో రాయించిన బోర్డు ఇక పనికిరాదు. ధర సటోషీల్లో రాయాలి. ఒక బిట్‌కాయిన్‌కు పది కోట్ల సటోషీలు. ఏడు గంటల ధర ఎనిమిదింటికి ఉండదు కాబట్టి బోర్డు దగ్గర ఒక కుర్రాణ్ని, సుద్దముక్కనూ, తడిగుడ్డనూ పెట్టండి. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎగిరిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి దిగింది. అప్పుడు నాలుగు ప్లేట్ల ఇడ్లీకి వచ్చిందాన్ని దాచుకున్నవాడి చేతిలో మరుసటి నవంబరుకు దాదాపు ఒక్క ప్లేటు డబ్బు మిగిలింది. దిగులు పడకండి. మినప్పప్పు కొట్టాయన బాకీ అడిగితే, బిట్‌కాయిన్ మళ్లీ లేచేదాకా ఆగమనండి. ఆయనకూ స్వాతంత్ర్యం అలవాటు కావాలి కదా.

ఇక వసూలు. బిట్‌కాయిన్ లావాదేవీ, లెక్కలు రాసుకునే బ్లాకులోకి ఎక్కడానికి సగటున పది నిమిషాలు. పూర్తిగా ఖాయమైందనుకోవాలంటే ఆరు బ్లాకులు ఆగమంటారు, అంటే గంట. ఆఫీసుకు పోయే మనిషి కారం దోశ తిని, చెయ్యి కడుక్కుని గల్లా దగ్గరికొస్తాడు.

‘‘అన్నా, పంపిన. చూడు.’’

‘‘ఇంకా రాలే తమ్ముడూ. కూర్చో.’’

‘‘బస్సు పోతదన్నా!’’

పోనివ్వండి, అంటే బస్సును. మనిషిని మాత్రం కదలనివ్వద్దు. వెనకాల ఉన్న పదిమందినీ కూర్చోబెట్టండి. టేబుళ్లన్నీ నిండుగా కనిపిస్తే వ్యాపారానికి మంచిదే. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో రద్దీ ఉన్న రోజుల్లో పంపే రుసుమూ పెరుగుతుంది. 2024 ఏప్రిల్ 20న సగటు రుసుము వంద డాలర్లు దాటింది. ఆ రోజు దోశకు బిట్‌కాయిన్ ఇచ్చినవాడుంటే, దోశ ఖరీదు కాక ఎనిమిది వేల రూపాయల పైచిలుకు దారిఖర్చు కింద పోయినట్టే. క్షణాల్లో, తక్కువ ఖర్చుతో పంపడానికి లైట్నింగ్ అని ఒక దారుంది. దానికి చానెళ్లు తెరవాలి, వాటిలో నిల్వ చూసుకుంటూ ఉండాలి. ఆ పని దోశ మాస్టర్‌కు అప్పగించండి, పెనం కాలేలోపు ఎలాగూ ఖాళీయే.

వాలెట్ తెరిచినప్పుడు పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇస్తారు. అవి పోతే డబ్బు పోయినట్టే, వెళ్లి దండం పెట్టుకోడానికి మేనేజరు కూడా ఉండడు. కాబట్టి అరువు పుస్తకం వెనక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పాలవాడికీ, గ్యాస్ కుర్రాడికీ కనబడుతుంటే మీరు మరిచిపోయినా గుర్తుచేస్తారు. ఇదంతా ఎందుకనుకుంటే ఎక్స్చేంజీలో వదిలేయండి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్చేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలు కొట్టేశారు. అక్కడ డబ్బు పెట్టుకున్న జనం ఏడాదికి పైగా ఎదురుచూశారు. ఓపిక పెరగడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఎల్ సాల్వడార్‌కు ఆ ఓపికే లేకపోయింది. 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధమైన డబ్బు చేసి, వ్యాపారులంతా తీసుకోవాల్సిందేనని చెప్పి, వాలెట్ తెరిచినవాళ్లకు తలా 30 డాలర్లు ఇచ్చి కూడా, 2025 జనవరిలో తీసుకోవడం ఎవరిష్టం వాళ్లదని చట్టం మార్చుకుంది. దేశం చేయలేని పని సందు చివర టిఫిన్ సెంటర్ చేసి చూపిస్తే ఆ పేరే వేరు.

పన్ను సంగతి చివరికి ఉంచాను, పరగడుపున చదవకూడదని. మన సర్కారు దీన్ని డబ్బుగా ఒప్పుకోదు, పన్నుకు మాత్రం ఒప్పుకుంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు. ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోడానికి లేదు, వచ్చే ఏడాదికి జరుపుకోడానికీ లేదు. దోశ అమ్మిన ఆదాయం లెక్క వేరు, దోశకు వచ్చిన కాయిన్ తర్వాత పెరిగితే ఆ లెక్క వేరు. 2022 జులై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. కాయిన్‌కు బదులు సరుకు ఇచ్చేటప్పుడు, చిన్న వ్యాపారికి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితే, ఆ పన్ను కట్టారని చూసుకున్నాకే సరుకు వదలాలి. అంటే ప్లేటు చేతికిచ్చే ముందు చలానా అడగాలి. చట్నీ వేసుకోమని తర్వాత చెప్పొచ్చు.

షాపు అద్దె, గ్యాస్ బండ, మాస్టర్ జీతం రూపాయల్లోనే కట్టాలి కాబట్టి రోజూ కొంత కాయిన్ అమ్ముతుంటారు. అమ్మిన ప్రతిసారీ ఒక లెక్క రాయాలి. అందుకని మంచి ఆడిటర్‌ను చూసుకోండి. ఆయన ఫీజు మాత్రం రూపాయల్లోనే తీసుకుంటాడు.